ఇంగ్లిష్ మాట ఒకటే, స్పానిష్ మాటలు మూడు: ఏది వాడాలి?

సమస్య: వాక్యంలో వ్యాకరణం సరిగ్గానే ఉంటుంది. అయినా విన్నవాళ్లు ఒక్క క్షణం ఆగి మన మొహంలోకి చూస్తారు. "ప్రెగుంతే ఉన్ బాసో దె ఆగ్వా" అన్నప్పుడు నాకు అదే ఎదురైంది. గ్లాసు నీళ్లు అడిగానని చెప్పబోయాను. వాళ్లకేమో నేనేదో ప్రశ్న వేసినట్టు వినిపించింది.

కారణం: స్పానిష్ మాటను ఇంగ్లిష్ మాట పక్కన రాసుకుని బట్టీ పట్టడం. 'ఆస్క్' ఎదురుగా ప్రెగుంతార్ అని రాసుకున్నాను, అక్కడితో ఆగిపోయాను. అది ప్రశ్న అడగడానికి మాత్రమే. ఏదైనా కావాలని అడిగితే పెదీర్.

పరిష్కారం: ఇంగ్లిష్ మాటను పక్కన పెట్టి, చెప్పదలచుకున్నది ముందు తెలుగులో అనుకోండి. చాలాచోట్ల మన భాష ఆ తేడాను ఎప్పుడో విడదీసి పెట్టింది. 'ప్లే' చూడండి: ఆట ఆడితే హుగార్, గిటార్ వాయిస్తే తొకార్. 'నో' (know, తెలియడం) కూడా అంతే. ఈత "వచ్చు" అనే చోట సబేర్, ఒకరితో "పరిచయం ఉంది" అనే చోట కొనొసేర్. 'కీ' అయితే తాళంచెవి యాబె, కీబోర్డు మీద నొక్కేది తేక్లా, కీలకం క్లాబె.

టైంతో చిక్కు: ఇది విడిగా చెప్పాలి, ఎందుకంటే మనం తెలుగులోనూ "టైమెంత?" అనే అంటాం. అదే ధోరణిలో తియెంపో వాడితే వాతావరణం సంగతి అడుగుతున్నారనుకుంటారు, ఆ మాటకు ఆ అర్థం కూడా ఉంది. "ఎన్ని గంటలైంది?" అనుకోండి, ఓరా దానంతటదే వస్తుంది: "కె ఓరా ఎస్?" ఇంగ్లిష్‌లో 'త్రీ టైమ్స్' అనేదానికి, అంటే మూడుసార్లు అనడానికి, "త్రెస్ బేసెస్". తీరిక, వ్యవధి అనే అర్థంలో అయితే తియెంపోయే సరైనది.

తెలుగూ ఆదుకోని చోట: 'అడగడం' మనకూ ఒకటే మాట, నేను పడింది అక్కడే. ఇప్పుడు ముందున్న మాటను చూసుకుంటాను. ఇమ్మని, రమ్మని, ఆగమని అడిగితే పెదీర్. ఎవరు, ఎక్కడ, ఎందుకు అని అడిగితే ప్రెగుంతార్. ఈ పరీక్ష నన్ను బాగా ఆదుకుంది. చేపకు ఇలాంటి కిటుకు లేదు, గుర్తుపెట్టుకోవాల్సిందే: నీళ్లలో ఈదేది పేస్, పట్టి వండేది పెస్కాదో.

ఇంకా అనుమానం ఉంటే: దొరికిన స్పానిష్ మాటను తిరగేసి, స్పానిష్ వైపు నుంచి డిక్షనరీలో వెతకండి. తొకార్ వెతికితే ముట్టుకోవడం అనే అర్థం కూడా కనిపిస్తుంది, వాయించడం వాద్యాలతో కలిసి కనిపిస్తుంది. మాటలు గుర్తుపెట్టుకోవడానికి రాసుకునే కార్డు మీద విడి మాట కాకుండా "తొకార్ లా గితార్రా", "పెదీర్ ఆగ్వా" అని జంటగా రాసుకోండి. ఇంగ్లిష్ అర్థం రాసే చోట తెలుగు అర్థం రాయండి.