బేరియాట్రిక్ ఆపరేషన్‌కి ముందు డైట్: అన్నం తినందే ఇల్లు దాటని ఊళ్లో అన్నం మానేయడం ఎలా

బరువు తగ్గే ఆపరేషన్‌కి డేట్ ఖాయం కాగానే డైటీషియన్ ఒక కాగితం చేతిలో పెడతారు. రోజుకి 800 నుంచి 1000 కాలరీలు, ప్రోటీన్ 60 నుంచి 80 గ్రాములు. అన్నం, ఇడ్లీ, చపాతీ, పంచదార, పళ్లరసం అన్నీ బంద్. మామూలుగా రెండు వారాలు ఉంటుంది, బరువునీ లివర్‌నీ బట్టి కొందరికి ఎక్కువ. నాకు స్లీవ్ ఆపరేషన్ అయింది, అంటే పొట్టలో చాలా భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగులుస్తారు. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మిషన్ వంటింటి గోడ పక్కనే. పొద్దుటి నుంచి రాత్రి దాకా పోపు వాసన మధ్యే ఆ డైట్ చేశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

ముందు ఈ డైట్ ఎందుకో మనసుకి ఎక్కించుకోండి. లివర్ ఎడమ భాగం సరిగ్గా పొట్ట మీద పరుచుకుని ఉంటుంది. చిన్న రంధ్రాల్లోంచి ఆపరేషన్ చేయాలంటే సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకోవాలి. కొవ్వు పట్టిన లివర్ బరువుగా ఉంటుంది, సులువుగా గాయపడి రక్తం కారుతుంది. మనం పిండి పదార్థాలు తగ్గిస్తే లివర్ తనలో దాచుకున్న చక్కెరని వాడేస్తుంది, ఆ చక్కెరతో పాటు పట్టి ఉంచుకున్న నీరూ పోతుంది, సైజు తగ్గుతుంది. తగ్గకపోతే ఆపరేషన్ వాయిదా పడొచ్చు, పెద్ద కోత పెట్టాల్సి రావచ్చు. ఈ సంగతి తెలిశాక అన్నం గిన్నె వంక చూడటం నాకు కొంచెం తేలికైంది. అందుకే "రేపట్నించి డైట్ కదా, ఇవాళ బిర్యానీ తినేద్దాం" అనే ఆలోచన వద్దంటాను.

షుగర్ మాత్రలో ఇన్సులినో వాడేవాళ్లు డైట్ మొదలుపెట్టకముందే డాక్టర్‌తో మాట్లాడి తీరాలి. తిండి ఇంత తగ్గించి పాత డోసే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. కొన్ని రకాల షుగర్ మాత్రల్ని ఈ డైట్‌లో పూర్తిగా ఆపేయమంటారు. బీపీ మాత్రల గురించీ అడగండి. ఎవరో చెప్పారని మీరే ఆపకండి, మీరే తగ్గించకండి.

మొదటి మూడు నాలుగు రోజులు తలనొప్పి, నీరసం, చిరాకు. తర్వాత ఆకలి నెమ్మదిస్తుంది. ఆ రోజుల్ని గట్టెక్కించేది నీళ్లు. నీళ్లూ పల్చటి మజ్జిగా చారూ అన్నీ కలిపి రెండు లీటర్లకి తగ్గకూడదు, డాక్టర్ నీళ్లు తగ్గించమన్నవాళ్లకి తప్ప. కొబ్బరినీళ్లు మంచివే కదా అని తాగకండి, వాటిలో చక్కెర ఉంటుంది.

తీపి ప్రోటీన్ షేకులు రెండో రోజుకే వెగటు పుట్టిస్తాయి. మన నాలుకకి పులుపూ ఉప్పూ కారమూ కావాలి. అందుకని వాసన, రుచి లేని వే ప్రోటీన్ (పాలు విరిగాక మిగిలే నీటి నుంచి తీసేది) పౌడర్ తెచ్చుకుని చారులో కలుపుకున్నాను. చింతపండు కొద్దిగా, టమాటా, మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి, కరివేపాకు వేసి చారు కాయండి. నూనె పోపు అక్కర్లేదు, ఎండుమిర్చి, ఆవాలు ఉత్త మూకుట్లో వేయించినా చాలు. పొయ్యి మీద ఉన్న చారులో పౌడర్ వేస్తే విరిగి ఉండలు కడుతుంది. ముందు రెండు చెంచాల చల్లనీళ్లలో జారుగా కలపండి. చారు వడకట్టి, వేలు పెట్టగలిగేంత చల్లారాక ఆ కలిపినదాన్ని పోసి, తిప్పుతూ కలపండి. ఒక స్కూపులో దాదాపు 24 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. పప్పు కట్టు తాగితే ప్రోటీన్ వచ్చేసిందనుకుంటారు చాలామంది. పైన తేరిన నీటిలో ఉండేది చాలా కొంచెం. మీ కాగితంలో గుడ్డు తెల్లసొన ఉంటే అది మంచి ఆసరా, ఒక్కోదాంట్లో సుమారు మూడున్నర గ్రాములు.

నాకు అన్నిటికంటే కష్టమైన సమయం సాయంత్రం నాలుగు. బ్లౌజు తీసుకోడానికి వచ్చినవాళ్లకి టీ, మిక్చర్ పెట్టడం మా ఇంటి అలవాటు. ఆ పని మా వారికి అప్పజెప్పాను. ఆ టైముకే నా కీరాదోస ముక్కలు నిమ్మరసం, మిరియాల పొడి చల్లి పక్కన పెట్టుకునేదాన్ని, కాగితంలో పచ్చి కూరగాయలకి అనుమతి ఉంది కాబట్టి. కరకరమని నమిలే వస్తువు ఒకటి నోటికి దొరికితే సగం బెంగ తీరుతుంది.

ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి. మా అత్తయ్య "మొహం పీక్కుపోయింది, ఒక్క ముద్ద పెరుగన్నం తినమ్మా" అనేవారు. ఆవిడది ప్రేమే. ఆవిణ్ణి డైటీషియన్ దగ్గరికి తీసుకెళ్లాను. లివర్ బొమ్మ చూపించి డైటీషియన్ చెప్పాక, నా చారుకి మిరియాలు దంచి ఇచ్చింది ఆవిడే. పెళ్లిళ్లు, వ్రతాలు ఆ రెండు వారాల్లో పడితే తాంబూలం తీసుకుని భోజనాల వేళకి ముందే వచ్చేయండి.

మలబద్ధకం వస్తుంది, ఇసబ్‌గోల్ వేసుకోవచ్చా అని అడగండి. నోరు వాసన రావడం ఈ డైట్‌లో మామూలే. కళ్లు తిరిగి పడబోవడం, చెమటలు పట్టి వణకడం, ఆగని వాంతులు అయితే మాత్రం ఓర్చుకోకుండా వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయండి.

పౌడర్ పెద్ద డబ్బా కొనొద్దు. ఆపరేషన్ తర్వాత కూడా మొదట్లో ద్రవాలే ఇస్తారు, కానీ అప్పటికి చాలామందికి నోటి రుచి మారిపోతుంది, ముందు ఇష్టంగా తాగిందే వికారం తెప్పిస్తుంది. రెండు మూడు రకాల చిన్న ప్యాకెట్లు తెచ్చుకోండి. గ్లాసెత్తి గటగటా తాగకుండా గుక్క గుక్కకీ మధ్య ఆగడం ఇప్పుడే అలవాటు చేసుకోండి, స్లీవ్ అయ్యాక పొట్టలో పట్టేది కొద్దిగానే.