రోజూ నడపడానికి పాత జపాన్ స్పోర్ట్స్ కారు: కొత్తగా విదేశానికి వచ్చినవారికి సూచనలు

విదేశంలో ఉద్యోగంలో కుదురుకుని చేతిలో నాలుగు డబ్బులు నిలిచాక, ఎన్నాళ్లుగానో మనసులో ఉన్న స్పోర్ట్స్ కారు ముచ్చట తీర్చుకోవాలనిపించడం సహజం. తక్కువ ధరకు దొరికే పాత జపాన్ కారుతో అది తీరుతుందనే నా నమ్మకం. అయితే సెలవు రోజున సరదాకి తీసే కారు వేరు, చలిలోనూ వానలోనూ వేళకు పనికి చేర్చవలసిన కారు వేరు. ఇంట్లో రెండో కారు లేనివారు, బండి ఆగిపోతే పిలవగానే వచ్చే బంధువులు దగ్గర లేనివారు ఈ తేడాను కొనకముందే ఆలోచించాలి.

అన్నిటికంటే ముందు బీమా సంగతి తేల్చుకోవాలి. స్వదేశంలో పదేళ్లు కారు నడిపినా, కొత్త దేశపు బీమా సంస్థ దాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు. రెండు సీట్ల కారుకూ టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) ఉన్న కారుకూ ప్రీమియం మామూలు కార్ల కంటే చాలా ఎక్కువగా చెప్పవచ్చు. అందుచేత కారు నచ్చగానే బయానా ఇచ్చేయకుండా, దాని చాసిస్ నంబరు తీసుకుని, ప్రీమియం ఎంతవుతుందో కనుక్కున్న తరువాతే బేరానికి దిగాలి. ఈ కార్లలో చాలావాటికి చేత్తో మార్చే గేర్లు ఉంటాయి; ఆటోమేటిక్ కారుపై డ్రైవింగ్ పరీక్ష పాసైనవారికి వాటిని నడిపే అనుమతి ఇవ్వని దేశాలు కొన్ని ఉన్నాయి కనుక, మీ లైసెన్సును కూడా ఒకసారి చూసుకోండి.

ఒంటరిగా ఉండేవారికి నేను ముందుగా చెప్పేది మజ్దా ఎంఎక్స్-5. కొన్నిచోట్ల దీన్నే మియాటా అంటారు. 1989 నుంచి నాలుగు తరాలుగా తయారవుతున్నందువల్ల విడిభాగాలు సులువుగా దొరుకుతాయి, మెకానిక్‌లకూ ఇది బాగా తెలిసిన బండి. బరువు ఒక టన్నుకు అటూ ఇటూగా ఉంటుంది. టర్బో లేని చిన్న ఇంజనే అయినా నడపడంలోని ఆనందానికి లోటుండదు. మొదటి రెండు తరాల్లో టైమింగ్ బెల్టును (ఇంజను వాల్వులను సరైన వేళకు కదిలించే బెల్టు) దాదాపు లక్ష కిలోమీటర్లకొకసారి మార్చాలి. 2005లో వచ్చిన మూడో తరం నుంచి బెల్టు స్థానంలో చెయిన్ ఉంది. దీనికి పెద్ద శత్రువు తుప్పు. మడిచే కప్పు వెనుక వాననీరు పోయే గొట్టాలు చెత్తతో మూసుకుపోతే, ఆ నీరు తలుపుల కింద ఉండే బాడీ భాగంలోకి చేరి ఇనుమును లోపలినుంచి తినేస్తుంది. పైన రంగు ఎంత మెరుస్తున్నా, వెనుక చక్రాల ముందున్న ఆ భాగాన్ని వంగి, తడిమి చూడందే డబ్బు ఇవ్వకండి.

వెనుక సీట్లు కావలసినవారు 2012లో వచ్చిన టయోటా 86ను గాని, దాదాపు అదే కారైన సుబారు బీఆర్‌జెడ్‌ను గాని చూడవచ్చు. ఆ వెనుక సీట్లు పెద్దవాళ్లకు ఇరుకే అయినా, మడిస్తే సామాను బాగానే పడుతుంది. తొలి సంవత్సరాల్లో తయారైనవాటిని ఇంజను వాల్వ్ స్ప్రింగులు మార్చడానికి 2018లో కంపెనీ వెనక్కి పిలిచింది. ఆ పని జరిగిందో లేదో, జరిగాక ఎంతకాలం ఇబ్బంది లేకుండా నడిచిందో అడిగి తెలుసుకోవాలి. మంచు బాగా పడేచోట ముందు చక్రాలతో నడిచే హోండా సివిక్ ఎస్ఐ లాంటివి ఇంకా సులువు. పిల్లల సీటు కూడా ఇబ్బంది లేకుండా పడుతుంది.

చాలామంది మోసపోయేది మజ్దా ఆర్ఎక్స్-8 దగ్గర. 2003 నుంచి 2012 వరకు తయారైన ఈ కారు అందంగా ఉంటుంది, నాలుగు తలుపులుంటాయి, ధర ఆశ పెడుతుంది. అందులోని 1.3 లీటర్ల రోటరీ ఇంజను (పిస్టన్లకు బదులు గుండ్రంగా తిరిగే రోటర్లు ఉండేది) కొంత ఆయిల్‌ను పెట్రోలుతోపాటు కాల్చేలాగే తయారైంది కాబట్టి ఆయిల్ మట్టాన్ని తరచూ చూస్తూ పోస్తుండాలి. చల్లటి ఇంజనును స్టార్ట్ చేసి, కారును పక్కకు జరిపి వెంటనే ఆపేస్తే, లోపల పెట్రోలు నిండిపోయి మళ్లీ స్టార్ట్ కాకపోవచ్చు. రోటరు అంచుల్లోని సీల్స్ అరిగితే వేడి మీద స్టార్ట్ కావడం కష్టమవుతుంది. చివరికి ఇంజను విప్పించక తప్పదు. రోటరీ ఇంజన్లకు వాడే పరికరంతో కంప్రెషన్ పరీక్ష (ఇంజను లోపలి ఒత్తిడి సరిగా ఉందో లేదో చూసేది) చేయించకుండా దీన్ని కొనకూడదు. రోజూ దగ్గరి దూరాలు తిరిగే కొత్తవారికి నేనైతే వద్దనే చెబుతాను.

నిస్సాన్ 350జెడ్ గట్టి కారే కాని, దాని 3.5 లీటర్ల ఇంజనుకు పెట్రోలు, పెద్ద టైర్లు, బీమా అన్నీ ఖర్చే. సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ మంచులో చక్కగా నడుస్తుంది. కాని టర్బో ఒత్తిడిని పెంచి నడిపిన బండి అయితే పిస్టన్లు దెబ్బతిని ఉండవచ్చు.

నిజానికి మోడల్ కంటే ముఖ్యం, ఆ కారును అంతవరకు వాడినవారు ఎలా వాడారన్నది. పెద్ద చప్పుడు చేసే సైలెన్సరు, కిందికి దించిన సస్పెన్షన్, కోసి అతికించిన వైర్లు కనిపిస్తే, ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉండి, సర్వీసు రసీదులు వరుసగా ఉన్న కారు కొంచెం ఖరీదైనా మేలు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించి చూడాలి. నేను మొదట చూడబోయిన కారును యజమాని ముందుగానే వేడిచేసి ఉంచాడు. మర్నాడు తెల్లవారుజామున వెళ్లి చూస్తే నీలిపొగ కనిపించింది, అంటే ఇంజను ఆయిల్‌ను కాలుస్తోందన్నమాట. నడిపి చూసేటప్పుడు రెండో గేరు గీరుకుంటోందేమో గమనించండి. నాలుగో గేరులో నెమ్మదిగా పోతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంజను చప్పుడు పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు అరిగినట్టే. టైరు పక్కనుండే నాలుగంకెలు చూడండి: 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. ఇవన్నీ చూశాక కూడా, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్ చేత కారును పైకెత్తించి కిందినుంచి చూపించాలి.

జపాన్ నుంచి నేరుగా దిగుమతైన కారైతే అక్కడ దాన్ని వేలంపాటలో అమ్మినప్పటి తనిఖీ పత్రం అడగండి. అందులో గ్రేడు స్థానంలో ఆర్ అనే అక్షరం ఉంటే ప్రమాదం తరువాత మరమ్మతు చేసిన బండి అన్నమాట.

డబ్బంతా కారు ధరకే పెట్టకుండా కొంత మిగుల్చుకోండి. కొన్న మొదటి నెలలోనే ఇంజను ఆయిల్, గేరు ఆయిల్, బ్రేకు ఆయిల్, కూలెంట్ మార్పించాలి; టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే అదీ మార్పించాలి. వెనుక చక్రాలతో నడిచే కారైతే, మంచు మొదలవకముందే నాలుగు చక్రాలకూ చలికాలపు టైర్లు వేయించుకుని, ఖాళీ మైదానంలో మెల్లగా ఒకటి రెండుసార్లు నడిపి అలవాటు చేసుకోండి.