శాక్స్-జిమ్ బాగ్‌లో గ్రేట్ గ్రే ఔల్‌ని వెతకడం

ఈ పెద్ద బూడిదరంగు గుడ్లగూబను చూడటానికి అమెరికాలో పేరున్న చోటు మిన్నెసోటా రాష్ట్రంలోని శాక్స్-జిమ్ బాగ్. డులూత్ నగరానికి వాయవ్యంగా, స్ప్రూస్, టామరాక్ చెట్లతో నిండిన చిత్తడి నేల అది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్లండి. తెల్లవారే ముందు అరగంట నుంచి రెండు గంటలు, మళ్లీ పొద్దు గుంకే ముందు రెండు గంటలు వెతికితే చాలు.

గాలి లేని రోజును ఎంచుకోండి. ఈ పక్షి మంచు కింద కదిలే ఎలుకలను చప్పుడును బట్టే పసిగడుతుంది. పళ్లెంలాంటి ముఖం ఆ చప్పుడును చెవులకు చేరుస్తుంది. ఈదురుగాలిలో దానికి వేట కష్టం, మనకు అది కనబడటమూ కష్టమే.

కారు నెమ్మదిగా నడుపుతూ అడవి ముగిసి మైదానం మొదలయ్యే అంచునే చూడండి. చెట్ల చిటారున కాదు, కంచె గుంజల మీద, కింది కొమ్మల మీద వెతకాలి. దూరానికి విరిగిన మొద్దులా ఉంటుంది. కళ్లు పసుపు, గడ్డం కింద మీసకట్టులా తెల్లమచ్చలు ఉంటే అదే. కళ్లు నల్లగా ఉంటే అది బార్డ్ ఔల్ అనే వేరే గుడ్లగూబ. చిటారున పొడవు తోకతో పట్టపగలే కూర్చున్నది నార్తర్న్ హాక్ ఔల్ అనే మరో గుడ్లగూబ కావచ్చు, అదీ అదృష్టమే.

కనబడగానే ఇంజను ఆపండి, కారు దిగకండి. రోడ్డు వారకు మరీ జరగొద్దు, మంచు కింద గుంట ఉండొచ్చు.

బైనాక్యులర్స్ 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేవి, ముందు అద్దం 42 మి.మీ.) సరిపోతాయి. వాటిని హీటరు వేడిలో ఉంచొద్దు: చలి పట్టిన అద్దాలు వెచ్చని గాలిలోకి రాగానే చెమరుస్తాయి. ఫొటోలు మసకబారడానికి చాలాసార్లు లెన్సు కారణం కాదు, తెరిచిన కిటికీలోంచి పోయే వేడిగాలి. పది నిమిషాల ముందే హీటరు కట్టేయండి. అదనపు బ్యాటరీ లోపలి జేబులో ఉంచుకోండి, చలికి త్వరగా దిగిపోతుంది.

మిట్టమధ్యాహ్నం అడ్మిరల్ రోడ్డులో పక్షులకు గింజలు పెట్టే తొట్ల దగ్గర, గోధుమరంగు తలపాగా ఉన్న బోరియల్ చికడీ అనే చిన్న పిట్ట కోసం ఆగండి. బెరడు పొలుసులుగా రాలిన చెట్టు కనిపిస్తే నల్లవీపు వడ్రంగిపిట్ట తిరిగిన చోటు కావచ్చు, కాసేపు చెవి పెట్టండి.

రికార్డు చేసిన కూతలు వినిపించడం, ఎలుకలను ఎర వేయడం చేయనే చేయకండి. ఎర అలవాటైన గుడ్లగూబ రోడ్డు పక్కకు చేరి వాహనాల కింద పడుతుంది. మంచును చూస్తున్న పక్షి తల మీవైపు తిరిగి అలాగే నిలిచిపోతే, దాని వేట చెడుతోందన్నమాట. మెల్లగా ముందుకు కదలండి.