పాత ట్రక్ క్యాంపర్ కొని తక్కువ ఖర్చుతో అందులో ఉండాలంటే: ముందు కప్పు కారకుండా చూసుకోండి

నిరుడు చలికాలం అరిజోనాలో క్వార్ట్‌జ్‌సైట్ ఊరి దగ్గర ఎడారిలో ఉన్నప్పుడు ఒక తెలుగు కుర్రాడు తన క్యాంపర్ ఒకసారి చూడమని పిలిచాడు. "అన్నా, మూడు ట్యూబుల సిలికాన్ పట్టించాను, అయినా కారుతోంది" అన్నాడు. నిచ్చెన వేసి చూస్తే కప్పు అంచులన్నిటికీ వేళ్లతో పులిమిన సిలికాన్, అంటే సందులు మూసే ట్యూబు బంక. లోపల పరుపు ఎత్తి చెక్కను బొటనవేలితో నొక్కితే తడిసిన అట్టముక్కలా లోపలికి దిగిపోయింది. నేను ఇప్పటికి ఐదు క్యాంపర్లు బాగుచేశాను, నావి రెండు, స్నేహితులవి మూడు. ఐదింటిలోనూ సగం పని ఈ సిలికాన్ గీకడానికే సరిపోయింది. అందుకే మిగతా పనులు గబగబా చెప్పేసి, కప్పు కారకుండా మూసే ఆ ఒక్క పని దగ్గర ఆగుతాను.

తెలియనివాళ్లకు ఒక మాట. ట్రక్ క్యాంపర్ అంటే పికప్ ట్రక్కు తొట్టిలో కూర్చునే పెట్టె లాంటి ఇల్లు. దానికి చక్రాలుండవు, ఇంజను ఉండదు. నాలుగు మూలలా నాలుగు జాకీలుంటాయి. వాటి మీద పైకి లేపి, కింద నుంచి ట్రక్కును బయటికి నడిపేయొచ్చు. వ్యాన్ కంటే ఇదే మేలని నేను గట్టిగా నమ్ముతాను. వ్యాన్ షెడ్డుకెళ్తే ఇల్లూ దానితోపాటే వెళ్తుంది. ఇక్కడ ట్రక్కు పాడైతే ట్రక్కే వెళ్తుంది, ఇల్లు ఉన్నచోటే ఉంటుంది. ట్రక్కు ముసలిదైతే మార్చుకోవచ్చు, పైనున్న ఇల్లు మారదు. వెనక లాక్కెళ్లే ట్రైలర్‌తో మట్టి రోడ్ల మీద మలుపులు తిరగడం వేరే నరకం.

కొనేటప్పుడు

వానాకాలంలో, వీలైతే వాన పడిన మర్నాడే చూడ్డానికి వెళ్లండి. తలుపు తీయగానే వాసన పట్టండి. తడిగుడ్డ వాసన వస్తే ధర గురించి మాట్లాడే ముందు చెక్కను చూడాలి. సూదిమొన ఉన్న తేమ మీటరు ఒకటి కొనుక్కోండి. చెక్కలో తేమ 15 శాతం లోపుంటే మంచిదే, 20 దాటితే లోపల పుచ్చు మొదలైందనే అనుకోవాలి. మీటరు లేకపోతే స్క్రూడ్రైవరు మొనతో మెల్లగా పొడిచి చూడండి. మూడు చోట్లు తప్పకుండా చూడాలి: డ్రైవరు క్యాబిన్ మీదికి పొడుచుకొచ్చిన పడక భాగం, అంటే ముక్కు; కప్పు మీద గాలి కోసం తెరిచే మూత, అంటే గాలిమూత చుట్టూ; జాకీలు బిగించిన నాలుగు మూలలు. ముక్కు పుచ్చితే పని పెరుగుతుంది, అంతే. జాకీ మూల పుచ్చితే మాత్రం టన్ను బరువు మీ మీద పడుతుంది. అలాంటిది ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను.

ఫ్రిజ్ పనిచేయకపోయినా, పొయ్యి తుప్పు పట్టినా, పరదాలు చినిగినా పట్టించుకోవద్దు. అవన్నీ ధర తగ్గించడానికి పనికొచ్చేవే.

బరువు

డ్రైవరు తలుపు తీస్తే చట్రం మీద స్టిక్కరు ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో అందులో రాసి ఉంటుంది. పాత ట్రక్కుల మీద ఆ వాక్యం ఉండదు. అప్పుడు ట్రక్కును వేబ్రిడ్జి మీద తూచి, ఆ బరువును జీవీడబ్ల్యూఆర్ అంకెలోంచి, అంటే సామానుతో సహా ట్రక్కు మించకూడని మొత్తం బరువులోంచి తీసేయండి. మిగిలిందే మీ లెక్క. క్యాంపర్ అమ్మేవాడు చెప్పే బరువు ఖాళీ పెట్టెది. నీళ్లు గ్యాలనుకు 3.8 కిలోలు, 20 గ్యాలన్లు నింపితే 76 కిలోలు. దాని మీద బ్యాటరీ, గ్యాసు, బియ్యం, మీరు. గట్టి గోడల పాత క్యాంపర్లు చాలావరకు ఖాళీగానే బాగా బరువుంటాయి కాబట్టి మామూలు హాఫ్-టన్ ట్రక్కు, అంటే తేలిక రకం పికప్ మీద పెట్టకండి. క్యాంపర్ బరువు కేంద్రం వెనక ఇరుసుకు ముందే పడాలి. వెనక పడితే ముందు చక్రాలు తేలికై స్టీరింగు మాట వినదు.

అసలు పని: మూలలు, కప్పు

పాత క్యాంపర్ గోడను విప్పితే ఏముంటుందో ముందు తెలియాలి. లోపల పలుచటి ప్లైవుడ్, మధ్యలో వేలు లావు చెక్క పట్టీల చట్రం, వాటి మధ్య ఫైబర్‌గ్లాస్ దూది, బయట అల్యూమినియం రేకు. రేకులు కలిసే ప్రతి మూలనూ ఒక అల్యూమినియం పట్టీ కప్పి ఉంటుంది. దాన్నే ట్రిమ్ అంటారు. ట్రిమ్ కింద బంకపట్టీ, దాని గుండా వరసగా స్క్రూలు, స్క్రూల మీద ప్లాస్టిక్ రిబ్బను. ఎండకు ఆ రిబ్బను కుంచించుకుపోతుంది, బంకపట్టీ ఎండి బీటలు వారుతుంది. నీరు స్క్రూ పట్టుకుని లోపలికి దిగుతుంది. దిగిన చోట కనబడదు, చెక్క వెంబడి జారి రెండు మూడు అడుగుల అవతల బయటపడుతుంది. మీకు మరక కనిపించిన చోట పైన సిలికాన్ పూస్తే ఏమీ కాదు, ఎందుకంటే కన్నం అక్కడ లేదు.

సిలికాన్ చేసే రెండో చెడు ఇంకా పెద్దది. బయట అంచును మూసేస్తే అప్పటికే లోపలికి వెళ్లిన నీరు బయటికి రాలేదు. చెక్క ఆరదు. కుండలో నానబెట్టినట్టు నానుతుంది. మూడోది, సిలికాన్ మీద ఏదీ అంటుకోదు. కొత్త సిలికాన్ కూడా పాత సిలికాన్ మీద సరిగా అంటదు. కాబట్టి ట్రిమ్ విప్పకుండా ఈ పని చేయాలనుకునేవాళ్లు నన్ను సలహా అడగొద్దు. విప్పాల్సిందే.

కావలసినవి కొన్నే: అంగుళం వెడల్పు, అంగుళంలో ఎనిమిదో వంతు మందం ఉన్న బ్యూటైల్ టేపు (ట్రిమ్ కింద పెట్టే మెత్తని బంకపట్టీ), స్టెయిన్‌లెస్ స్క్రూలు, ప్లాస్టిక్ గీకుడు బ్లేడ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, కప్పు మీదికి తనంతట తానే పరుచుకునే లాప్ సీలెంట్. నేను డైకార్ కంపెనీది వాడతాను. షాపులో బ్యూటైల్ పక్కనే "పుట్టీ టేపు" అని చవకది ఉంటుంది, ముట్టుకోవద్దు. అదే మళ్లీ ఎండి బీటలు వారేది.

పొడి వాతావరణం, 10 డిగ్రీలకు పైన వేడి ఉన్న రోజు చూసుకోండి. పొద్దున్నే మంచు పడిన రేకు మీద పని మొదలెట్టకండి. ఒక్కసారి ఒక్క మూలే విప్పండి. నాలుగూ ఒకేసారి విప్పి వాన వస్తే నెల రోజుల పని. విప్పిన పట్టీకి మాస్కింగ్ టేపు అంటించి ఏ మూలదో, ఏ కొస పైకో రాసుకోండి.

ఇప్పుడు శుభ్రం చేయడం. ఓపిక అంతా ఇక్కడ ఖర్చుపెట్టాలి. పాత బంకను ప్లాస్టిక్ బ్లేడుతో తీయండి, ఇనుప బ్లేడు రేకును కోసేస్తుంది. అల్యూమినియం మీద మిగిలిన బంకను మినరల్ స్పిరిట్స్‌తో తుడవొచ్చు. కానీ మీ కప్పు రబ్బరుదైతే, అంటే ఈపీడీఎం అయితే, పెట్రోలియం ద్రావకాలు దాన్ని ఉబ్బించి పాడుచేస్తాయి. దానికి సబ్బునీళ్లే. చివరగా రేకును ఆల్కహాల్‌తో తుడిచి, నాలుగు నీటిచుక్కలు చల్లి చూడండి. నీరు పలచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. తామరాకు మీద బొట్టులా గుండ్రంగా నిలబడితే సిలికాన్ ఇంకా ఉన్నట్టే. మళ్లీ గీకండి. ఈ పరీక్ష దాటకుండా నేను ఎప్పుడూ ముందుకు వెళ్లను.

కింద చెక్క బయటపడింది కదా, దాన్ని చూడండి. మెత్తబడ్డ ముక్కను గట్టి చెక్క తగిలేదాకా కోసి తీసేయాలి. నల్లటి మరక ఉన్నా గట్టిగా ఉంటే వదిలేయొచ్చు. కోసేటప్పుడు ముఖానికి ఎన్95 మాస్కు ఉండాలి, బూజు, ఫైబర్‌గ్లాస్ రెండూ ఊపిరితిత్తులకు మంచివి కావు. తర్వాత ఆరనివ్వండి. ఒక రాత్రి కాదు, మీటరు 15 చూపించేదాకా. నేను ఒకసారి మూడు రోజులు ఫ్యాను పెట్టి, చాలనుకుని మూసేశాను. ఏడాదికి ఆ మూలే మళ్లీ విప్పాను.

స్క్రూ కన్నం వదులైతే చెక్క పుల్లలకు నీటికి ఊడని జిగురు రాసి అందులో దిగ్గొట్టి, ఆరాక కోసేయండి. స్క్రూ పట్టు లేకుండా గిరగిరా తిరుగుతుంటే కింద ఎంత మంచి టేపు పెట్టినా నొక్కుకోదు.

టేపును గోడకు కాదు, ట్రిమ్ వెనక వైపు అంటించండి. లాగి సాగదీయొద్దు, సాగిన చోట పలచబడుతుంది. స్క్రూ కన్నాల మీదుగా టేపు పోవాలి. అప్పుడే స్క్రూ తిరుగుతూ బంకను తనతోపాటు లోపలికి లాక్కెళ్తుంది. మధ్య స్క్రూతో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి బిగిస్తూ కొసలకు వెళ్లండి. చేతి స్క్రూడ్రైవరే వాడండి. డ్రిల్లుతో బిగిస్తే బంకంతా బయటికి పిండుకుపోయి, రేకుకు రేకు తగులుతుంది. అప్పుడు మూయడానికి లోపల ఏమీ మిగలదు. రెండు అంచులా సన్నని గీతలా బంక బయటికి పొడుచుకురావాలి. ఎక్కడైనా ఆ గీత తెగిందంటే అక్కడ ఖాళీ ఉంది, మళ్లీ విప్పండి.

అందరూ వదిలేసేది ఇక్కడే: మర్నాడు మధ్యాహ్నం ఎండలో రేకు వేడెక్కాక ప్రతి స్క్రూనూ పావు తిప్పు బిగించాలి. వారం తర్వాత మళ్లీ ఒకసారి. బ్యూటైల్ మెల్లగా కదిలే పదార్థం, వేడికి సర్దుకుంటుంది. సర్దుకున్నాక స్క్రూ వదులవుతుంది. ఆ రెండో బిగింపు తర్వాతే పొడుచుకొచ్చిన బంకను కోసి, కొత్త ప్లాస్టిక్ రిబ్బను దూర్చండి.

కప్పు మీద అంచులకు, గాలిమూత చుట్టూ, ప్రతి స్క్రూ తల మీదా లాప్ సీలెంట్ పోయాలి. కప్పు అతుకుల మీద పై నుంచి టేపులు వేసే పని ఉంటే పెంకుటిల్లు గుర్తుపెట్టుకోండి. మన ఊళ్లలో పెంకులు నేసేవాళ్లు చూరు దగ్గర మొదలుపెట్టి నడికొప్పుకు ఎక్కుతారు, పై పెంకు ఎప్పుడూ కింది పెంకు మీదికే వస్తుంది. ఇక్కడా అంతే. పల్లం నుంచి మెరకకు రండి. తిరగేసి వేస్తే ప్రతి అతుకూ నీటికి తలుపు తీసినట్టే. కిటికీలకు పైనా పక్కలా మూయండి, కింది అంచు మాత్రం మూయకండి. అక్కడ నీరు కారిపోవడానికి చిన్న కన్నాలుంటాయి.

కప్పంతా తెల్లటి రబ్బరు పెయింటు వేస్తే చాలదా అని అడుగుతారు. ఎండ వేడి తగ్గుతుంది, వేసుకోండి. కానీ రోడ్డు మీద క్యాంపర్ మెలికలు తిరుగుతుంది, అతుకుల దగ్గర ఆ పూత మొదట పగులుతుంది. అతుకులు బాగుచేశాకే పూత.

ఆఖరుకు తోట గొట్టంతో పరీక్ష. ప్రెషర్ వాషర్ వద్దు, మంచి అతుకునూ అది చీలుస్తుంది. అడుగు నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట పది నిమిషాలు నీళ్లు పోస్తూ పైకి రండి, లోపల ఒకరు టార్చి పట్టుకుని చూడాలి. పై నుంచి పోస్తే నీరు ఎక్కడ దూరిందో ఎప్పటికీ తెలియదు.

కరెంటు, గ్యాసు, వంట

ఒక మనిషికి 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ చాలు, అంటే సుమారు 1280 వాట్-అవర్లు. 200 వాట్ల సోలార్ పలకలు నేల మీద స్టాండుకు పెట్టండి. ఇన్ని తంటాలు పడి మూసిన కప్పుకు కొత్త కన్నాలు పెట్టడం నేను ఒప్పుకోను. పైగా నేల మీద ఉంటే సూర్యుడి వైపు తిప్పుకోవచ్చు, చలికాలపు వాలు ఎండలో అది చాలా తేడా. బ్యాటరీ ప్లస్ తీగకు జానెడు లోపే ఫ్యూజు ఉండాలి. సున్నా డిగ్రీల కింద ఈ బ్యాటరీని చార్జి చేయకూడదు, కాబట్టి దాన్ని లోపలే పెట్టండి.

గ్యాసు గొట్టాలు, రెగ్యులేటరు కొత్తవి వేయించి ప్రతి అతుకునూ సబ్బునురుగుతో చూడండి. ప్రొపేన్ గాలి కంటే బరువు, నేలకు దిగుతుంది. దాని అలారం కింద, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడక దగ్గర ఉండాలి. పాత అలారాలను నమ్మొద్దు, వాటికి గడువు తేదీ ఉంటుంది.

పొగగొట్టం లేని గ్యాసు హీటరు క్యాంపర్‌లో పెట్టకండి. కిలో ప్రొపేన్ మండితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి పుడుతుంది. 20 పౌండ్ల సిలిండరు అయిపోయేసరికి దాదాపు 15 లీటర్ల నీరు గోడలకు పట్టినట్టు. బయట నుంచి ఆపిన తడిని లోపల నుంచి తెచ్చుకోవడం అది. పొగ బయటికి వదిలే డీజిల్ హీటరు పెట్టండి. కుక్కరు, ఇడ్లీ పాత్ర బయట స్టవ్వు మీదే. పోపు కూడా బయటే, లేకపోతే ఇంగువ వాసన దుప్పట్లను వదలదు. రాత్రి గాలిమూత రెండు వేళ్ల సందు తెరిచి పడుకోండి, ఎంత చలి ఉన్నా.

ఎక్కడ ఉండాలి

బీఎల్ఎం అనే అమెరికా ప్రభుత్వ సంస్థ చూసుకునే భూముల్లో చాలాచోట్ల ఒకే చోట 28 రోజుల్లో 14 రోజులు ఉచితంగా ఉండొచ్చు. క్వార్ట్‌జ్‌సైట్ దగ్గర లా పోసా అనే బీఎల్ఎం మకాం స్థలంలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఉండటానికి నేను కట్టింది 180 డాలర్లు. అది ఏడు నెలలకు. మంచినీళ్లు, మురుగు ఖాళీ చేసే చోటు కూడా అందులోనే. చిరునామా సంగతి ముందే తేల్చుకోండి. అమెరికా పౌరులు కానివాళ్లు దాదాపు అందరూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు సహా, ఇల్లు మారిన 10 రోజుల్లో ఏఆర్-11 అనే చిరునామా మార్పు ఫారం ద్వారా ఇమిగ్రేషన్ శాఖకు తెలపాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు లాయరును అడగకుండా గది ఖాళీ చేయొద్దు.

ఏప్రిల్‌లో ఎడారి వదిలేటప్పుడు ఒకసారి, సెప్టెంబరులో తిరిగొచ్చేటప్పుడు ఒకసారి కప్పెక్కి ప్రతి అతుకునూ వేలితో తడిమి చూడండి. సీలెంట్ పగిలిన చోట అంతవరకే తీసి కొత్తది పోయండి. ఒక లాప్ సీలెంట్ ట్యూబు, ఒక చుట్ట బ్యూటైల్, చేతి స్క్రూడ్రైవరు తలుపు పక్క అరలో ఎప్పుడూ ఉండాలి. సిలికాన్ ట్యూబు మాత్రం ఆ అరలో ఉండకూడదు.