సైటు మంచిదే, బ్రౌజరే వద్దంటోంది: సమస్య - పరిష్కారం

సైటు తెరవబోతే బ్రౌజర్ అడ్డుకుని చూపే హెచ్చరిక కనబడగానే చాలామంది అడిగేది ‘దీన్ని దాటి లోపలికి వెళ్లడం ఎలా?’ అని. దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది. అదే సైటును వేరే ఫోనులో, వైఫై ఆపి, మొబైల్ డేటాతో తెరవండి. అక్కడ మామూలుగా తెరుచుకుంటే లోపం మీ కంప్యూటర్‌లోనో మీ నెట్‌లోనో ఉంది. అక్కడా అదే హెచ్చరిక వస్తే చాలావరకు సైటు యజమాని చూసుకోవలసిన వ్యవహారం.

సమస్య: ఏ సైటు తెరిచినా ‘మీ కనెక్షన్ ప్రైవేట్‌గా లేదు’.

ముందు గడియారం చూడండి. ప్రతి సైటు సర్టిఫికెట్‌కూ (ఆ సైటు అసలైనదని బ్రౌజర్‌కు చూపే డిజిటల్ గుర్తింపు పత్రం) మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ తేదీ ఆ రెంటి మధ్య లేకపోతే బ్రౌజర్ నమ్మదు. బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు నడిపే ఒక పీజీ హాస్టల్ ఆఫీసులో పాత డెస్క్‌టాప్ ఉంది. కరెంటు పోయి వస్తే చాలు, తేదీ 2009 జనవరి 1కి వెళ్లిపోయేది. వైరస్ అనుకుని బ్రౌజర్ తీసేసి మళ్లీ వేశారు, పాపం. అయిపోయింది మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, సీఆర్2032. కంప్యూటర్ విడిభాగాల బజారైన ఎస్పీ రోడ్డు దాకా వెళ్లనక్కర్లేదు, వాచీల దుకాణంలోనూ దొరుకుతుంది. అది మార్చి తేదీ, టైమ్ జోన్ సరిచేస్తే సరి.

గడియారం సరిగ్గానే ఉంటే సర్టిఫికెట్ వివరాలు తెరిచి, జారీ చేసింది ఎవరో చదవండి. మీ యాంటీవైరస్ పేరుంటే దాన్ని అప్‌డేట్ చేయండి, లేదా అందులో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ (సురక్షిత కనెక్షన్లను మధ్యలో విప్పి చూసే పని) ఆపండి. మీ కంపెనీ పేరుంటే ఐటీ విభాగానికి చెప్పండి. స్టేషన్‌లోనో హోటల్‌లోనో అయితే వైఫై లాగిన్ పేజీ పూర్తిచేయలేదేమో చూడండి.

సమస్య: తెరంతా ఎర్రగా మారి ‘ప్రమాదకరమైన సైటు’.

ఇది గూగుల్ సేఫ్ బ్రౌజింగ్ జాబితా పని, అంటే గూగుల్ తయారుచేసే ప్రమాదకర సైట్ల పట్టిక. క్రోమ్‌తో పాటు ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా దాన్ని వాడతాయి. జాబితా పొరబడదా అంటే, పొరబడుతుంది. 2009 జనవరి 31న ఎవరో, ప్రతి వెబ్ చిరునామాకూ సరిపోయే ఒట్టి ‘/’ గుర్తును జాబితాలో చేర్చడంతో, గూగుల్ వెతుకులాటలో దాదాపు ప్రతి సైటు పక్కనా ‘హాని చేయవచ్చు’ అని కొంతసేపు కనబడింది.

అయినా యజమానులు ‘అన్యాయం’ అన్న ప్రతిసారీ నేను నమ్మను. పచ్చళ్లు అమ్మే సైటులో, యజమానికే తెలియని ఫోల్డర్‌లో నకిలీ బ్యాంకు లాగిన్ పేజీ దాగి ఉండవచ్చు. సైటు మీదే అయితే, సెర్చ్ కన్సోల్‌లో (సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే ఉపకరణం) ‘భద్రతా సమస్యలు’ తెరవండి, సాధారణంగా తప్పున్న పేజీల నమూనా చిరునామాలు కనబడతాయి. వాటిని తొలగించి, ప్లగిన్లు (సైటుకు అదనంగా తగిలించిన చిన్న ప్రోగ్రాములు) అప్‌డేట్ చేసి, పాస్‌వర్డులు మార్చి, ఏం చేశారో రాసి సమీక్ష కోరండి. ఫిషింగ్ (నకిలీ పేజీతో పాస్‌వర్డులు దోచడం) అయితే సుమారు ఒక రోజు, మాల్‌వేర్ (హానికర ప్రోగ్రాము) అయితే కొన్ని రోజులు పడుతుంది. నిజంగా ఏమీ లేకపోతే, పొరపాటు ఫిషింగ్ హెచ్చరికను తెలిపేందుకు గూగుల్‌కు వేరే ఫారం ఉంది. సమీక్ష కోసం శుభ్రం చేసి, ఆ తర్వాత మళ్లీ పాత పనే చేసే సైట్లను మాత్రం పదేపదే తప్పుచేసేవిగా గుర్తిస్తారు. అప్పుడు 30 రోజులు సమీక్ష కోరే వీలుండదు.