జీడీబీ మెయింట్ కమాండ్లు: తప్పు ఏ పొరలో ఉందో పట్టుకునే పద్ధతి

జీడీబీ (ప్రోగ్రాములను డీబగ్ చేసే టూల్)లో ఒక రిజిస్టర్ (ప్రాసెసర్ లోపలి చిన్న నిల్వ గది) విలువ తప్పుగా కనిపించిందంటే తప్పు మూడు చోట్ల ఉండొచ్చు. డీబగ్ చేస్తున్న బోర్డు (టార్గెట్) పంపిన బైట్లే తప్పు కావచ్చు. ఆ బైట్లను జీడీబీ విడదీసుకున్న తీరు తప్పు కావచ్చు. విడదీశాక కట్టిన లెక్క తప్పు కావచ్చు. మామూలు కమాండ్లు చివరి ఫలితాన్నే చూపిస్తాయి. మధ్యలోని పొరలు చూడాలంటే మెయింటెనెన్స్ కమాండ్లు కావాలి. వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా బెంగళూరు చిప్ కంపెనీల టూల్‌చెయిన్ టీముల్లో పోర్టింగ్ (జీడీబీని కొత్త చిప్‌కు సరిపోయేలా మార్చడం) పనికి దిగే మనవాళ్లు ముందుగా చేతికి అలవాటు చేసుకోవాల్సినవి ఇవే.

కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం, టైప్ చేసేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే. హైఫన్ చూపించిన చోట హైఫన్ పెట్టాలి. అన్నీ ‘మెయింట్’తో మొదలవుతాయి, ‘ఎంటీ’ అని కొట్టినా నడుస్తుంది. ‘హెల్ప్ మెయింట్’ అంటే మొత్తం జాబితా వస్తుంది.

ముందు బిల్డ్

డిస్ట్రోతో వచ్చే జీడీబీ ఈ పనికి చాలదు. అది ఆప్టిమైజ్ చేసిన బిల్డ్, పైగా చాలాసార్లు జీడీబీ తనను తాను పరీక్షించుకునే సెల్ఫ్‌టెస్టులు తీసేసి ఉంటాయి. సోర్స్ తెచ్చుకుని, వేరే డైరెక్టరీలో ‘--ఎనేబుల్-యూనిట్-టెస్ట్స్’ ఇచ్చి కాన్ఫిగర్ చేయండి. ‘-జీ3 -ఓ0’ను సీఫ్లాగ్స్‌కీ సీఎక్స్ఎక్స్ఫ్లాగ్స్‌కీ రెండింటికీ ఇవ్వాలి. జీడీబీ సీ++లో ఉంది కాబట్టి సీఫ్లాగ్స్ ఒక్కటే ఇస్తే అసలు కోడ్ ఆప్టిమైజ్ అయ్యే వస్తుంది, లోకల్ వేరియబుల్స్ చూడబోతే దొరకవు. కొత్త వెర్షన్లకు జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్ డెవలప్‌మెంట్ ప్యాకేజీలు లేకపోతే కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోతుంది. ఇన్‌స్టాల్ చేయకుండా బిల్డ్ డైరెక్టరీ నుంచే నడిపేటప్పుడు ‘--డేటా-డైరెక్టరీ’తో అక్కడి డేటా-డైరెక్టరీ ఫోల్డర్ చూపించండి. లేకపోతే పైథాన్ భాగాలు లోడ్ కావు.

ఆ తర్వాత ‘మెయింట్ సెల్ఫ్‌టెస్ట్’ నడపండి. చివర్లో ఎన్ని టెస్టులు నడిచాయో, ఎన్ని ఫెయిలయ్యాయో చెబుతుంది. మీ మార్పులు పెట్టకముందే ఈ అంకె రాసి పెట్టుకోండి.

రిజిస్టర్లు: పై నుంచి కిందికి

‘ఇన్ఫో రిజిస్టర్స్’లో విలువ తేడాగా ఉంటే ఈ వరసలో దిగాలి.

‘మెయింట్ ప్రింట్ కుక్డ్-రిజిస్టర్స్’ సూడో రిజిస్టర్లతో సహా అన్నీ చూపిస్తుంది. సూడో అంటే టార్గెట్ పంపనివి, జీడీబీ తానే లెక్కగట్టేవి. ఎక్స్86-64లో ఆర్ఏఎక్స్ టార్గెట్ నుంచి వస్తుంది, ఈఏఎక్స్‌ను దాని నుంచి జీడీబీ తీస్తుంది. ‘మెయింట్ ప్రింట్ రా-రిజిస్టర్స్’లో టార్గెట్ ఇచ్చినవే ఉంటాయి. రా సరిగ్గా ఉండి కుక్డ్ తప్పయితే, మీ ఆర్కిటెక్చర్ ఫైల్లో సూడో రిజిస్టర్ చదివే ఫంక్షన్ చూడండి. బోర్డు జోలికి వెళ్లక్కర్లేదు.

రా కూడా తప్పయితే ‘మెయింట్ ప్యాకెట్ జీ’ కొట్టండి. రిమోట్ స్టబ్ (బోర్డు వైపు ఉండి జీడీబీతో మాట్లాడే ప్రోగ్రామ్) పంపిన బైట్లు ఉన్నవి ఉన్నట్టే హెక్స్‌లో వస్తాయి. ఒక్కో బైట్‌కు రెండు అంకెలు, టార్గెట్ బైట్ క్రమంలో. లిటిల్ ఎండియన్ బోర్డులో 0ఎక్స్12345678 అనే విలువ 78563412గా కనిపిస్తుంది. దాన్ని చూసి తారుమారైందని అనుకోకండి. విలువ బదులు ఎక్స్ అక్షరాలుంటే ఆ రిజిస్టర్ అందుబాటులో లేదని అర్థం.

ఇప్పుడు ‘మెయింట్ ప్రింట్ రిమోట్-రిజిస్టర్స్’ చూడండి. ఏ రిజిస్టర్ ఆ ప్యాకెట్లో ఎన్నో బైట్ దగ్గర మొదలవుతుందని జీడీబీ అనుకుంటోందో ఇందులో ఉంటుంది. పోర్టింగ్‌లో అన్నిటికన్నా అక్కరకొచ్చే కమాండ్ ఇదేనని మా అభిప్రాయం. ప్యాకెట్లో ఆ ఆఫ్‌సెట్ దగ్గర చెయ్యి పెట్టి లెక్కపెట్టండి. బైట్లు సరైనవే అయినా ఆఫ్‌సెట్ జరిగి ఉంటే టార్గెట్ డిస్క్రిప్షన్ (ఏ రిజిస్టర్లున్నాయో, వాటి సైజులేమిటో జీడీబీకి చెప్పే వివరణ) తప్పు. మధ్యలో ఒక రిజిస్టర్ సైజు 32కు బదులు 64 బిట్లని రాసినా చాలు, దాని తర్వాతివన్నీ 4 బైట్లు పక్కకు పోతాయి. జీ ప్యాకెట్ జవాబు మరీ పొడవుగా ఉందని జీడీబీ ఎర్రర్ ఇచ్చినప్పుడు కూడా చూడాల్సింది ఇక్కడే.

‘మెయింట్ ప్యాకెట్’తో జాగ్రత్త. డాలర్ గుర్తు, చెక్‌సమ్ జీడీబీయే తగిలిస్తుంది, మీరు మధ్యలోని టెక్స్ట్ మాత్రం ఇవ్వాలి. ఖాళీ జవాబు వస్తే స్టబ్‌కు ఆ ప్యాకెట్ తెలియదని అర్థం. చదివే ప్యాకెట్లతో ఇబ్బంది లేదు. రిజిస్టర్లు రాసే ప్యాకెట్ పంపితే మాత్రం జీడీబీకి ఆ సంగతి తెలియదు, దాని క్యాష్‌లో పాత విలువలే ఉంటాయి. వెంటనే ‘మెయింట్ ఫ్లష్ రిజిస్టర్-క్యాష్’ కొట్టండి. బోర్డును పరుగెత్తించే ‘సీ’ ప్యాకెట్ పంపనే పంపకండి. బోర్డు పరుగు తీస్తుంటే జీడీబీ మాత్రం అది ఆగే ఉందనుకుంటుంది, ఆ సెషన్ ఇక పనికిరాదు.

వాన పడి ఔటర్ రింగ్ రోడ్ ఆగిపోయిన రోజు బోర్డు ల్యాబ్‌లో, మీరు మారతహళ్లి పీజీలో, మధ్యలో వీపీఎన్ ఉంటే టైమవుట్లు వస్తాయి. ‘రిమోట్‌టైమవుట్’ డిఫాల్ట్ 2 సెకన్లే. దాన్ని 10 చేశాకే ప్యాకెట్ల మీద తీర్పు చెప్పండి.

బ్రేక్‌పాయింట్ పడటం లేదంటే

‘మెయింట్ ఇన్ఫో బ్రేక్‌పాయింట్స్’ జీడీబీ తనకోసం పెట్టుకున్న బ్రేక్‌పాయింట్లను (ప్రోగ్రామ్ ఆగాల్సిన చోట్లను) కూడా చూపిస్తుంది. వాటికి నెగటివ్ నంబర్లుంటాయి. షేర్డ్ లైబ్రరీలో పెట్టిన పెండింగ్ (లైబ్రరీ లోడయ్యేదాకా ఆగే) బ్రేక్‌పాయింట్ ఎప్పటికీ పడకపోతే, ఆ జాబితాలో షేర్డ్ లైబ్రరీ ఈవెంట్ల బ్రేక్‌పాయింట్ ఉందో లేదో చూడండి. లేదంటే డైనమిక్ లింకర్‌ను (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు లైబ్రరీలను లోడ్ చేసేది) జీడీబీ గుర్తుపట్టలేదు. క్రాస్ టార్గెట్‌లో సాధారణంగా సిస్‌రూట్ (టార్గెట్ లైబ్రరీల నకళ్లుండే ఫోల్డర్) తప్పు దారి చూపిస్తుంటుంది, లేదా లింకర్ ఫైల్ నుంచి సింబల్స్ (ఫంక్షన్లు, వేరియబుల్స్ పేర్లు) పూర్తిగా స్ట్రిప్ చేసి ఉంటారు.

నెమ్మదిగా ఉందంటే

ఫైల్ ఇవ్వకుండా జీడీబీ తెరిచి, ‘మెయింట్ సెట్ పర్-కమాండ్ టైమ్ ఆన్’ చేసి, ఆ తర్వాత ‘ఫైల్’ కమాండ్‌తో ప్రోగ్రామ్ లోడ్ చేయండి. సీపీయూ సమయం, గోడ గడియారం సమయం విడివిడిగా వస్తాయి. సీపీయూ సమయమే ఎక్కువుంటే పని చాలా థ్రెడ్లకు పంచుకుందన్నమాట. గడియారం సమయం బాగా ఎక్కువైతే జీడీబీ దేనికోసమో ఎదురుచూస్తోంది: డీబగ్ సమాచారాన్ని సర్వర్ నుంచి తెచ్చే డీబగ్‌ఇన్ఫోడీ డౌన్‌లోడ్ కావచ్చు, లేదా, బోర్డుకు కనెక్ట్ అయ్యాక అయితే, లైబ్రరీలను రిమోట్ ప్రోటోకాల్ మీదుగా లాక్కోవడం కావచ్చు. మొదటిదాన్ని ‘సెట్ డీబగ్‌ఇన్ఫోడీ ఎనేబుల్డ్ ఆఫ్’తో, రెండోదాన్ని లోకల్ సిస్‌రూట్ ఇచ్చి తేల్చుకోవచ్చు. కొత్త వెర్షన్లు డ్వార్ఫ్‌ను (కంపైలర్ ఫైల్లో పెట్టే డీబగ్ సమాచారం) వెనకాల చదువుతాయి కాబట్టి, కొలిచే ముందు ‘మెయింట్ సెట్ డ్వార్ఫ్ సింక్రనస్ ఆన్’ చేయకపోతే అంకె మోసం చేస్తుంది. థ్రెడ్ల వల్లే బగ్ అని అనుమానముంటే ‘మెయింట్ సెట్ వర్కర్-థ్రెడ్స్ 0’ పెట్టి మళ్లీ నడపండి.

‘మెయింట్ ఇన్ఫో సిమ్‌ట్యాబ్స్’ అప్పటికి పూర్తిగా విప్పిన సింబల్ టేబుళ్లనే చూపిస్తుంది. మీ ఫైల్ కనిపించకపోతే కంగారు వద్దు. ‘మెయింట్ ఎక్స్‌పాండ్-సిమ్‌ట్యాబ్స్’కు ఫైల్ పేరిచ్చి మళ్లీ చూడండి. ఇది మాత్రం చూసి ఊరుకునే కమాండ్ కాదు, జీడీబీ లోపలి స్థితిని మారుస్తుంది. సింబల్ వెతుకులాటలో బగ్ పట్టుకుంటున్నప్పుడు దీన్ని వాడితే బగ్ మాయమైపోవచ్చు. అదే జరిగితే తప్పు ఇండెక్స్‌లో (ఏ సింబల్ ఎక్కడుందో జీడీబీ చూసుకునే పట్టికలో) ఉందనడానికి మంచి ఆధారం.

ఇంటర్నల్ ఎర్రర్లు

రాత్రిపూట నడిచే ఆటోమేటిక్ టెస్టుల్లో ఇంటర్నల్ ఎర్రర్ (జీడీబీలోనే లోపం) వస్తే, జీడీబీ అడిగే ప్రశ్నలకు అవును కాదు అని జవాబిచ్చేవాళ్లుండరు. ‘మెయింట్ సెట్ ఇంటర్నల్-ఎర్రర్ క్విట్ యెస్’, ‘మెయింట్ సెట్ ఇంటర్నల్-ఎర్రర్ కోర్‌ఫైల్ యెస్’ రెండూ ‘-ఐఈఎక్స్’తో ఇవ్వండి. ‘-ఈఎక్స్’తో ఇస్తే ప్రోగ్రామ్ లోడయ్యాకే అమల్లోకొస్తాయి, లోడింగ్‌లోనే పడే ఎర్రర్ తప్పించుకుంటుంది. షెల్‌లో ‘యూలిమిట్ -సీ అన్‌లిమిటెడ్’ కూడా ఉండాలి. అయినా కోర్ (ప్రోగ్రామ్ కూలినప్పుడు దాని మెమరీ నకలు రాసే ఫైల్) దొరకకపోతే ‘/ప్రాక్/సిస్/కెర్నల్/కోర్_ప్యాటర్న్’ ఫైల్ చూడండి. అందులో పైప్ గుర్తుతో మొదలయ్యే లైనుంటే కోర్ ఆ ప్రోగ్రామ్ చేతికి పోతోంది, సిస్టమ్‌డీ వాడే మెషీన్లలో అయితే ‘కోర్‌డంప్‌సీటీఎల్’తో తీసుకోవాలి.