బ్యాటరీ నిండుగా ఉన్నా ఇంజన్ ఎందుకు స్టార్ట్ అవుతోంది?

చలి మొదలవగానే నా ప్లగ్-ఇన్ హైబ్రిడ్ (ప్లగ్ పెట్టి చార్జ్ చేసుకుని, కరెంటుతోనూ పెట్రోల్‌తోనూ నడిచే) ఎస్‌యూవీ మైలేజీ బాగా పడిపోయింది. రాత్రంతా చార్జింగ్ పెట్టినా, పొద్దున్నే బయల్దేరగానే ఇంజన్ స్టార్ట్ అయ్యేది. బ్యాటరీ పోయిందేమోనని ఒకటే టెన్షన్. ఓసారి హీటర్ ఆపి చూశాను. కాసేపటికి ఇంజన్ చప్పుడు ఆగి, మీటర్‌లో ఈవీ గుర్తు, అంటే బండి కరెంటుతోనే నడుస్తోందన్న గుర్తు, వెలిగింది!

హీట్ పంపుగానీ (బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే పరికరం) కరెంటు హీటర్‌గానీ లేని మోడళ్లలో లోపలి వేడి ఇంజన్ కూలెంట్ (ఇంజన్ వేడిని మోసే ద్రవం) నుంచే రావాలి, అంటే ఇంజన్ నడవాల్సిందే. అందుకే ఇప్పుడు సీటు హీటర్‌తో సరిపెట్టుకుంటున్నాను, దానికి కరెంటు చాలా తక్కువ పడుతుంది. అద్దానికి ఆవిరి పడితే మాత్రం డీఫ్రాస్ట్ వేయాల్సిందే. పెట్రోల్ కంటే దారి కనబడటం ముఖ్యం.

దూరప్రయాణాల్లో హైవే ఎక్కగానే హోల్డ్ మోడ్ (బ్యాటరీ చార్జ్ తగ్గకుండా ఇంజన్‌తో నడిపే సెట్టింగ్) పెట్టి, మిగిలిన చార్జ్‌ను ట్రాఫిక్ కోసం దాస్తాను. అక్కడ బ్రేక్ వేసినప్పుడల్లా కొంత కరెంటు తిరిగొస్తుంది. చార్జ్ మోడ్ జోలికి వెళ్లను. పెట్రోల్ కాల్చి బ్యాటరీ నింపితే మధ్యలో శక్తి వృథా అవుతుంది.

టైర్లలో గాలి కూడా చూసుకోండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ పడితే టైరు పీడనం దాదాపు 2 పీఎస్ఐ (గాలి పీడనం కొలిచే యూనిట్) తగ్గుతుంది. బండి నడపకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి.